వార్ధక్యము: విధివ్రాతయా, జీర్ణోద్ధరణలోపమా?

దేహమనియు శరీరమనియు మనము ఒక్క వస్తువునే రెండు పేర్లతో పిలుచుచున్నాము. శాబ్దికుల మతమున ఈ రెండును ఒక్కటి కావు. దేహశబ్దము ఉపచయార్థకమగు ధాతువునుండి పుట్టినది, అనగా పెరుగునది. శరీరశబ్దమునకు శీర్ణమగునది అని వ్యుత్పత్తి చెప్పుదురు, అనగా శిథిలమగునది. పెరుగుటయు శిథిలమగుటయు ఒక్క వస్తువునకే స్వభావములని పూర్వులు ఈ రెండు మాటలలోనే ఇమిడ్చిరి. ఆయుర్వేదజ్ఞులు ముదిమిని వైద్యునకు సంబంధించిన విషయముగానే యెంచి, రసాయనతంత్రమును తమ శాస్త్రముయొక్క ఎనిమిది అంగములలో ఒకదానిగా నిలిపిరి. సామాన్యజనము మాత్రము ముదిమిని వైద్యునకు గాక విధికి అప్పగించి ఊరకుండెను. నేటికిని ఊరకున్నది.

మా నెల్లూరు సముద్రతీరమున ఈ మధ్య జరిగిన యొక సంగతిని చెప్పి విషయమున ప్రవేశింతుము. ఎండుచేపల బేరముతో సంసారమును ఈదుకొనివచ్చిన వృద్ధురాలొకతె గలదు. అక్షరజ్ఞానము లేకున్నను, ఏ గంప ఎవరికిచ్చినదో, ఎవరు ఎంత బాకీయున్నారో ఆమెకు నోటిలెక్కయే. అట్టి యామె క్రమముగా లెక్కలను, తరువాత మనుష్యులను మఱవజొచ్చెను. మేము ఆమె కుమారుని అడుగగా, "అమ్మకు వయసయిపోయింది అయ్యోరా, ఇంక ఆమె రాత అంతే" అనెను. పట్టణమున చదువుకొనుచున్న మనుమడు, "అది జీన్సులో ఉంటుంది సార్, మనమేం చేయలేం" అనెను. తండ్రి బ్రహ్మవ్రాత యనెను. కొడుకు జన్యువుల వ్రాత యనెను. ఇద్దరును చేసిన పని ఒక్కటియే, చేతులు ముడుచుకొని కూర్చుండుట. ఇంతలో మూడవవాడొకడు వచ్చి, పోయిన యౌవనమును మఱల రప్పించు లేహ్యమని చెప్పి సొమ్ము పట్టుకొనిపోయెను. కొన్ని మాసముల పిమ్మట ఎవరో బలవంతపెట్టి ఆమెను వైద్యుని యొద్దకు గొనిపోగా, థైరాయిడు గ్రంథి మందగించుటయే ఆ మఱపునకు ముఖ్యకారణమని రక్తపరీక్షలో తేలెను. దినమున కొక్క మాత్ర. ఆమె సంపూర్ణముగా మునుపటి మనిషి కాకున్నను, మఱల బాకీలు అడుగ మొదలిడెను.

ముదిమిలోని మఱపులన్నియు ఇంత సులభముగా కుదురునని మేమనుట లేదు. పెక్కింటికి నేటికిని మందు లేదు. మేము విమర్శింపబూనినది ఆ మనుమని వాక్యమును. జన్యువను మాట మనదేశమునకు వచ్చి బహుకాలము కాలేదు; వచ్చినంతనే అది నుదుటివ్రాతకు పర్యాయపదమై కూర్చున్నది. చదువురానివాని విధివాదమును చదువుకొన్నవాడు పరిహసించుట కద్దు. చదువుకొన్నవాని విధివాదమును పరిహసించువా రెవరు? కావున ఆ శాస్త్రము నిజముగా అట్లు చెప్పుచున్నదా యని విచారింపవలసియున్నది. అందులకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున జీవరసాయన శాస్త్రాచార్యులుగా నుండి, ముదిమి పొందుచున్న మెదడును గూర్చి ఏండ్ల తరబడి శోధించిన కల్లూరి సుబ్బారావుగారి రచనలే మనకు చాలును. అనంతపురము జిల్లా దేశభక్తులగు కల్లూరి సుబ్బారావుగారు వేఱు, చదువరులు భ్రమపడకుందురుగాక. విజ్ఞానవ్యాసములను సాహిత్యపత్రికలో విమర్శించుట తగునా యని కొందరు శంకింపవచ్చును. ఏ రచనయైనను ఒక విషయమును ప్రతిపాదించి, దానికి ప్రమాణములు చూపినచో, ఆ ప్రతిపాదన యెంత, ఆ ప్రమాణములు ఎంత బరువును మోయగలవు అని తూచుట విమర్శకుని పనియే యని మా మతము.

సుబ్బారావుగారి పని తెలియుటకు ముందు, జీవకణములలో రెండు తెగలు గలవని తెలిసికొనవలెను. చర్మము, రక్తము మొదలగువానిలోని కణములు విభజన చెంది కొత్తవానిని పుట్టించుచుండును. మెదడులోని నాడీకణములు ఇంచుమించుగా మనతోడనే పుట్టి, మనతోడనే ముదిసి, మనతోడనే నశించును. మొదటి తెగను గూర్చి ఒకప్పుడు పెద్ద పొరపాటు ప్రచారములో నుండెను. అలెక్సిస్ కారెల్ అను ఫ్రెంచి వైద్యుడు 1912 లో కోడిపిండముయొక్క గుండెకండనుండి తీసిన కణములను గాజుపాత్రలో పెంప నారంభించెను. ఆ కణములు 1946 వఱకు పెరుగుచునే యుండెనని చెప్పిరి. దానివలన కణమునకు చావు లేదను నమ్మకము ప్రబలెను. 1961 లో లియొనార్డు హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అను ఇద్దరు అమెరికా పరిశోధకులు మానవపిండకణములను పెంచి చూడగా, అవి సుమారు 50 మారులు విభజన చెంది ఆగిపోయెను, చావలేదు, పెరుగనులేదు. దీనినే కణవార్ధక్య మనుచున్నారు. క్రోమోసోముల కొనలనుండు టెలోమియరులను తొడుగులు ఒక్కొక్క విభజనకు కొంచెము కొంచెముగా అరిగిపోవుటయే ఇందు కొక ముఖ్యకారణమని తరువాత తేలినది. ఆ తొడుగులను గూర్చిన పరిశోధనకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ జోస్టాక్ అను మువ్వురకు 2009 లో నోబెల్ బహుమాన మొసగిరి.

ఇట్లు ఆగిపోయిన కణము కేవలము నిరుపయోగి కాదు. చెడిపోయిన కణము విచ్చలవిడిగా పెరిగి పుట్టకురుపుగా మారకుండ ఈ ఆగుటయే అడ్డుపడును. గాయము మానుటకును తోడ్పడును. కాని వయస్సు మీరినకొలది ఇట్టివి పోగుపడి, తమ చుట్టునున్న కండను వాపెక్కించు ద్రవ్యములను స్రవించుచుండును. 2011 లో అమెరికాలోని మేయో వైద్యాలయపు పరిశోధకులు, త్వరగా ముదిమి పొందునట్లు మార్పబడిన చిట్టెలుకలలో ఇట్టి కణములను తొలగింపగా, కొన్ని వార్ధక్యలక్షణములు ఆలస్యముగా పొడసూపెను. యౌవనమున కాపుగా నున్న ఏర్పాటే ముసలితనమున భారమగుట ఇచ్చట చూడదగినది. సంతానకాలమున మేలుచేయు గుణము, ఆ తరువాత కీడు చేసినను ప్రకృతి దానిని ఏరివేయదని జార్జి విలియమ్స్ 1957 లోనే వాదించియుండెను. ఈ వాదమును బట్టి చూచినను, ముదిమి ఎవరో పనిగట్టుకొని వ్రాసిన వ్రాతగా కనుపడదు. ప్రకృతి చూపు ఆనని చోట పేరుకొనిన దుమ్మువలె కనుపడుచున్నది.

ఇక రెండవ తెగ. నాడీకణము విభజన చెందదు గనుక దానికి తొడుగు అరుగుట యను చిక్కు లేదు. మఱి అది ఏల ముదియును? సుబ్బారావుగారు పట్టుకొన్న ప్రశ్న ఇదియే. ప్రతి కణములోను డీఎన్ఏ అను నిడుపాటి పోగు గలదు. జన్యువులు దానియందే యున్నవి. ఆ పోగు రాతిమీది శాసనము వంటిది కాదు. శరీరపు వేడికిని, నీటికిని, మనము పీల్చు ప్రాణవాయువునుండి పుట్టు ఘాటైన కణికలకును అది నిత్యము దెబ్బతినుచునే యుండును. ఒక్క కణమున ఒక్క దినములో సుమారు 10,000 చోట్ల దానియందలి అక్షరములు తమంతట తాము రాలిపోవునని అంచనా. అయినను మనము బ్రదికియున్నాము. ఏలయనగా రాలినదానిని రాలినట్లు బాగుచేయు ఏర్పాటు ప్రతి కణమునందును గలదు. ఆ ఏర్పాటును వెల్లడించినందులకే టొమాస్ లిండాల్, పాల్ మాడ్రిచ్, అజీజ్ సంకార్‌లకు 2015 లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను.

మైపాడు తీరమున ప్రొద్దెక్కిన తరువాత నడచినవారు ఈ యేర్పాటును కన్నులారా చూచియుందురు. వేటనుండి వచ్చిన జాలరి వలను ఇసుకపై పరచి, తెగిన కన్నులను వెదకును. పాడైన నూలును కోసివేయును. కొత్త నూలుతో కన్ను అల్లును. కడపట ముడి బిగించును. నాలుగు పనులు, నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను వల నిలువదు. కణములోను ఇంచుమించుగా ఇట్టి క్రమమే గలదు. చెడిన యక్షరమును పసిగట్టి తీసివేయు ఎంజైమొకటి, ఆ చోట పోగును కోయున దొకటి, ఖాళీని పూరించునది డీఎన్ఏ పాలిమరేజు బీటా యనునది, కొసలను అతుకునది లిగేజు అనునది. వల ప్రతిదినమును చిరుగును. అది సముద్రపు స్వభావము. ముసలిజాలరి వల పాడగుచున్నదన్నచో, సముద్రము కఠినమైనదనియా, కన్ను వేయు చేయి వణకుచున్నదనియా, నూలు చాలలేదనియా? సుబ్బారావుగారి పరిశోధనయంతయు ఈ మూడు వికల్పములను వేఱుచేయుటయే యని చెప్పవచ్చును.

వారు మొదట చేతిపనిలోని శుద్ధతను పరీక్షించిరి. జార్జి మార్టిన్, లారెన్సు లోబ్ అను అమెరికా పండితులతో కలిసి 1985 లో ప్రకటించిన వ్యాసమున, పడుచు చిట్టెలుకల నాడీకణములనుండియు, మిక్కిలి ముదుసలి చిట్టెలుకల నాడీకణములనుండియు ఈ పాలిమరేజును తీసి, అది ఎన్ని తప్పులు చేయుచున్నదో చూచిరి. వయస్సుతో తప్పులు పెరిగినట్లు కనుపడలేదు. అనగా పనివానికి పని మఱపు రాలేదు. 1996 లో వెలువడిన వ్యాసములలో, ముదుసలి ఎలుకల మెదడున డీఎన్ఏ పోగులో తెగుళ్లు పెరుగుచున్నవనియు, అందును మెదడు పైపొరయందలి నాడీకణములే ఎక్కువగా దెబ్బతినుచున్నవనియు చూపిరి. 2000 లోని వ్యాసము ముఖ్యమైనది. ముదుసలి నాడీకణముల రసమున ఈ అక్షరసంస్కారము క్షీణించుచున్నదనియు, పాలిమరేజు బీటాను బయటినుండి చేర్చినచో అది మఱల కొంత పుంజుకొనుచున్నదనియు తేల్చిరి. 2005 లో ఆ మాటను సరిదిద్దుకొని మఱొక అడుగు వేసిరి: ఖాళీని పూరించుటకు పాలిమరేజు కావలెను, కాని పని పూర్తియగుటకు లిగేజు కూడ కావలెను. కన్ను అల్లినంతమాత్రమున చాలదు, ముడి పడవలెను. 2006 లో, పోగు రెండు పేటలును తెగినప్పుడు అతుకు వేఱొక మార్గము కూడ ముదుసలి నాడీకణములలో మందగించుచున్నదని ప్రకటించిరి.

ఈ రచనలలో మేము గుణముగా నెంచునది మొదట ప్రశ్నను చిన్నది చేసికొనుట. వార్ధక్యమన నేమి యని అడిగినవారు వేయి సిద్ధాంతములు చెప్పి అలసిపోయిరి. ఏ కణమున, ఏ పోగున, ఏ మెట్టున పని ఆగుచున్నది యని వీరు అడిగిరి. రెండవది, తమ వెనుకటి మాటను తామే పూరించుకొనుట. 2000 నాటి వ్యాసమునకు 2005 నాటి వ్యాసము వ్యాఖ్యానము మాత్రము కాదు, సవరణ కూడ. మూడవది మాకు ముఖ్యము. లోపించినదానిని చేర్చి చూచుట. ముసలికణమున నిది తగ్గినది యని చెప్పుట వర్ణన. తగ్గినదానిని చేర్చినచో పని మఱల సాగినది యని చూపుట కారణనిరూపణమునకు మొదటిమెట్టు. మన వ్యాసకర్తలలో పెక్కురు వర్ణనతో తృప్తిపడి దానినే నిరూపణ మనుచుందురు. వారు ఈ భేదమును గమనించుట మేలు.

దోషములను దాచుట విమర్శ కాదు. ఎలుక రెండు మూడేండ్లు బ్రదుకు ప్రాణి; మనుష్యుని డెబ్బదియెనుబది యేండ్ల మెదడునకు దానినుండి నేరుగా సిద్ధాంతము చేయరాదు. రెండవది, మఱల పని సాగినది గాజుగొట్టములోని కణరసమున. బ్రదికియున్న ఎలుక తలలో కాదు. తెగుళ్లు బాగుపడినచో ఆ ఎలుక మఱచిన దారిని మఱల జ్ఞప్తికి తెచ్చుకొనునా యను ప్రశ్నకు ఆ గొట్టము ఉత్తరము చెప్పజాలదు. మూడవది, పాలిమరేజు బీటా స్వభావముచేతనే మిక్కిలి శుద్ధమైన పనిమంతురాలు కాదు. దానిని మితిమీరి పెంచినచో తప్పులును పెరుగవచ్చును. ఇక మూలసిద్ధాంతమునందే భిన్నాభిప్రాయము గలదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున వార్ధక్యపరిశోధనకు పాదువేసిన మధుసూదన కానూంగోగారు 1994 లో ప్రకటించిన గ్రంథమున, జన్యువులు చెడుటకంటె, ఏ జన్యువు ఎప్పుడు పలుకవలెనో ఎప్పుడు మౌనము వహింపవలెనో నిర్ణయించు కట్టుబాటు మారుటకే ప్రాధాన్య మొసగిరి. ఈ రెండును పరస్పరవిరుద్ధములని మేము తలంపము. సంస్కారముచేయు ఎంజైములు కూడ జన్యువుల ఆజ్ఞచేతనే పుట్టును గదా. ఆజ్ఞ మందగించినను సంస్కారము కుంటుపడును. కాని ఏది ముందు, ఏది వెనుక యనునది తేలనంతవఱకు, వార్ధక్యరహస్యము బయల్పడెనని వార్తాపత్రికలు శీర్షికలు పెట్టుట అనుచితము.

ఇప్పుడు మనుమని వాక్యమునకు వత్తము. జన్యువులకు ఆయుర్దాయముతో సంబంధము లేదా? కలదు. 1993 లో సింథియా కెన్యన్ అను విదుషి, ఒక చిన్న నులిపురుగునందు ఒక్క జన్యువు మారినచో దాని ఆయువు రెట్టింపగుటను చూపెను. వెర్నరు రోగమను వ్యాధియందు యౌవనముననే జుట్టు నెరసి, కంటికి పొరలు వచ్చును. దానికి మూలమైన జన్యువును 1996 లో కనుగొనిరి. అదియు డీఎన్ఏ పోగును కాపాడు పనిలోనిదే. కాని ఇట్టివి అరుదు. అదే సంవత్సరమున ప్రకటితమైన డేన్మార్కు కవలల పరిశీలనలో, ఆయుర్దాయమున మనిషికి మనిషికి గల భేదములో సుమారు నాలుగవవంతు మాత్రమే వంశమునకు చెందినదని లెక్కతేలెను. ఈ లెక్కను తరువాతివారు ఎక్కువగాను తక్కువగాను కట్టుచున్నారు. ఏ లెక్కయందును అంతయు పుట్టుకతోనే వ్రాయబడినదని తేలలేదు. పైగా సుబ్బారావుగారి పరిశోధనవలన మనకు తెలియునది, ఆ వ్రాతయే దినదినము చెరుగుచు దినదినము దిద్దబడుచున్నదని. దిద్దబడనిది నిలువని వ్రాతను విధి యనుట శబ్దమునకును అన్యాయమే.

విధివాదమునకు ఎదుటి కొసను ఆశావాదము గలదు. అదియు తక్కువ ప్రమాదకరము కాదు. నన్నయభట్టు ఆదిపర్వమునను, పొన్నిగంటి తెలగన్న అచ్చతెనుగునను చెప్పిన యయాతికథ మనమెరిగినదే. తండ్రి తన ముదిమిని కుమారున కిచ్చి, వాని యౌవనమును తాను పుచ్చుకొనెను. వేయేండ్లు భోగించియు తృప్తి లేదని తెలిసికొని తిరిగియిచ్చెను. 2005 లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పడుచు చిట్టెలుక రక్తప్రవాహమును ముదుసలి చిట్టెలుక రక్తప్రవాహముతో కలుపగా, ముదుసలి కండలు మానుశక్తిని కొంత తిరిగి పొందెను. తరువాత పడుచువారి రక్తద్రవమును ధనికులకు ఎక్కించు వ్యాపారము లేచెను. దానివలన ఫలము నిరూపింపబడలేదనియు, అపాయము గలదనియు 2019 లో ఆ దేశపు ఔషధాధికారులు హెచ్చరింపవలసివచ్చెను. యయాతి తుదకు నేర్చుకొన్నదానిని ఈ వర్తకులు మొదటనే మఱచిరి. మితాహారము ఆయువును పెంచునను మాటయు ఇట్టిదే. తక్కువ తిండి పెట్టిన ఎలుకలు ఎక్కువకాలము బ్రదికెనని 1935 నుండియు తెలిసినదే. మెదడులోని సంస్కారమునకును ఆహారనియమమునకును గల సంబంధమును సుబ్బారావుగారును 2003 లో చర్చించిరి. కాని నిండుగా తినగలవాడు తగ్గించుకొను తిండి వేఱు, వేటలేని దినములలో జాలరియింట పస్తు వేఱు. రెండవదానికి శాస్త్రముయొక్క పేరు పెట్టువారిని మేము క్షమింపము.

మఱి మనము చేయవలసిన దేమి? మన దేశమున దేవాలయము శిథిలమైనచో ఎవరును దాని వ్రాత అంతే యని ఊరకుండరు. కొత్త గుడి కట్టుటకంటె పాతదానిని నిలుపుట ఎక్కువ పుణ్యమని పెద్దలు చెప్పుదురు. దానికే జీర్ణోద్ధరణ మని పేరు. జీర్ణశబ్దమును జరాశబ్దమును ఒక్క ధాతువునుండి పుట్టినవే. రాతికి చేయు ధర్మమును మనము మనుష్యునకు చేయమేల? ముసలివారి చూపు, వినికిడి, పండ్లు, రక్తపుపోటు, థైరాయిడు పరీక్షింపించుట జీర్ణోద్ధరణము. మఱపు వచ్చినవానిని వయస్సని త్రోసివేయక కారణము వెదకించుట జీర్ణోద్ధరణము. కారణము కుదురనిదైనను, వానితో మాటాడుచుండుట జీర్ణోద్ధరణమే. మా నెల్లూరి తిక్కనసోమయాజి తెనిగించిన ఆశ్రమవాసపర్వమున, ధర్మరాజు ఎంత ఆదరించినను, భీముని యెత్తిపొడుపు మాటలే ముసలి ధృతరాష్ట్రుని మనస్సు విరిచి అడవికి పంపినవి. మన యిండ్లలో భీములకు కొదువ లేదు.

కడపట ఒక కొరత. సుబ్బారావుగారి ముఖ్యవ్యాసములన్నియు ఆంగ్లమున, విదేశపత్రికలలో వెలువడినవి. అది వారి దోషము కాదు; శాస్త్రజ్ఞుల సభ అచ్చటనే యున్నది. కాని తెనుగుదేశమున పుట్టిన యీ పని తెనుగువానికి తెలియకుండుటయు, లేహ్యము అమ్మువాని ప్రకటన మాత్రము చక్కని తెనుగున ఇంటింటికి వచ్చుటయు మన పత్రికల దోషము, ఉపాధ్యాయులమగు మా దోషము. మేము ఈ వ్యాసమును వ్రాయుటకు ముందు దీనిలోని విషయమును ఆ మనుమనికి చెప్పితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "అయితే నాయనమ్మకు ఇంకా ఏం పరీక్షలు చేయించాలి సార్?" అని అడిగెను. విధిని నమ్మువాడు అడుగు ప్రశ్న ఇది కాదు. అతని ప్రశ్నకు వైద్యుడు సమాధానము చెప్పవలెను. అట్టి ప్రశ్నను పుట్టించు పని మాత్రము మనది.